నీలిపూల తోట

(వ్యాసం)

ప్రవేశిక

మనం నివసించే నేలను, ఆ నేల మీద పెరిగే చెట్టు చేమలను తెలుసుకోవడం కూడా చదువులో భాగమే. కోరాపుట్, రాయగడ జిల్లాల కొండలలోను, లోయలలోను ఏళ్ళ తరబడి బ్రతికి నీలిపూలు పూసే మొక్కలు కొన్ని ఉన్నాయి. వాటిని గురించి, వాటిని బడి ఆవరణలో పెంచే విధానాన్ని గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం.

పాఠం

ప్రకృతిలో ఆకుపచ్చ రంగుకు కొదవ లేదు. పసుపు, తెలుపు, ఎరుపు పూలకూ కొదవ లేదు. కార్తీకమాసంలో కోరాపుట్ పీఠభూమి మీదికి వెళ్ళి చూస్తే వలిసె చేలు పచ్చని పసుపు ఆరబోసినట్లు కనిపిస్తాయి. కాని నీలిపూలు మాత్రం వెదికితే తప్ప కంటబడవు. పూచే మొక్కలన్నింటిలో నీలిపూలవి పదోవంతు కంటె తక్కువ అని వృక్షశాస్త్రజ్ఞుల అంచనా. తల ఎత్తితే ఆకాశమంతా నీలం. తల వంచితే నేల మీద నీలం అరుదు. ఈ అరుదైన రంగును మన పెరటిలోకి, మన బడి ఆవరణలోకి తెచ్చుకోవడం ఎలా?

ఈ ప్రశ్నకు సమాధానం చెప్పే ముందు మన నేలను గురించి కొంత తెలుసుకోవాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే వరకు ఈ ప్రాంతం మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది. అందుచేతనే ఇక్కడి ఊళ్ళలో తెలుగు మాట తరతరాలుగా వినబడుతున్నది. 1992లో అవిభక్త కోరాపుట్ జిల్లా నాలుగు జిల్లాలయింది. వాటిలో రాయగడ ఒకటి.

పేరుకు ఇరుగు పొరుగు జిల్లాలే అయినా వీటి వాతావరణం ఒక్కటి కాదు. నాగావళి ఒడ్డున ఉన్న రాయగడ పట్టణం సముద్రమట్టానికి సుమారు 200 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ వేసవిలో ఎండ మండిపోతుంది. కోరాపుట్ పట్టణం సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ చలికాలంలో తెల్లవారుజామున మంచు దట్టంగా కురుస్తుంది. ఒడిశాలోకెల్లా ఎత్తయిన శిఖరం దేవమాలి, 1672 మీటర్లు, కోరాపుట్ జిల్లాలోనే ఉన్నది. జూన్ నడుమ నుండి సెప్టెంబరు చివరి దాకా రెండు జిల్లాలలోను వానలు బాగా కురుస్తాయి. నేల చాలా చోట్ల ఎర్రనిది, ఆమ్లగుణం కలది. ఎండ, చలి, వాన, మట్టి, ఈ నాలుగింటికీ తట్టుకోగల మొక్కే మన మొక్క.

బహువార్షికాలే ఎందుకు?

ఒక్క ఋతువులో మొలిచి, పూచి, విత్తనం రాల్చి చనిపోయే మొక్కలను ఏకవార్షికాలు అంటారు. బంతి, జినియా ఇటువంటివి. కొన్ని ఏళ్ళపాటు బ్రతికి మళ్ళీ మళ్ళీ పూచే మొక్కలను బహువార్షికాలు అంటారు.

బడి తోటకు ఒక కష్టం ఉన్నది. వానకాలంలో పిల్లలు ఉత్సాహంతో మొక్కలు నాటుతారు. చలికాలంలో పూలు చూసి సంతోషిస్తారు. వేసవి సెలవులు రాగానే బడికి తాళం పడుతుంది. మొక్కకు నీళ్ళు పోసే చెయ్యి ఉండదు. సెలవుల తరువాత వచ్చి చూస్తే పాదులు మిగులుతాయి, మొక్కలు మిగలవు. మరుసటి ఏడు మళ్ళీ నారు కొనాలి, మళ్ళీ పాదు తియ్యాలి. ఏటేటా ఇదే కథ.

బహువార్షికాల దారి వేరు. మొదటి ఏడు వాటి బలమంతా వేళ్ళకే పోతుంది. వేరు లోతుగా దిగిన తరువాత ఎండకు కొమ్మ మాడినా మొదలు చావదు. తొలకరి జల్లు పడగానే మళ్ళీ చిగురిస్తుంది. పైగా ఆ వేళ్ళు ఏటవాలు నేల మీది మట్టిని పట్టి ఉంచుతాయి. కొండవాలులో ఉన్న ఊళ్ళకు ఇది చిన్న మేలు కాదు.

ఇప్పుడు ఒక్కొక్క మొక్కను గురించి తెలుసుకుందాం.

శంఖపుష్పం

పువ్వు శంఖాన్ని పోలి ఉంటుంది కనుక ఈ పేరు వచ్చింది. దింటెన అని దీనికి అచ్చతెలుగు పేరు. గిరికర్ణిక అని సంస్కృతంలోను, అపరాజిత అని ఒడియాలోను పిలుస్తారు. అపరాజిత అంటే ఓటమి లేనిది. ఎండకూ వానకూ ఓడిపోని ఈ తీగకు ఆ పేరు తగినదే. దీని శాస్త్రీయ నామంలోని రెండవ మాట ఇండోనేషియాలోని తెర్నాతె అనే దీవి పేరు నుండి వచ్చింది.

ఇది చిక్కుడు కుటుంబానికి చెందిన తీగ. దీని వేళ్ళ బుడిపెలలో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు అందే రూపంలోకి మారుస్తాయి. అందుచేత బీద నేలలో కూడా ఇది బాగా పెరుగుతుంది. పెరిగిన చోటును సారవంతం చేస్తుంది.

దీని గింజ పైపొర గట్టిది. ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి, తొలకరిలో అర అంగుళం లోతున నాటాలి. ఒకటి రెండు వారాలలో మొలక వస్తుంది. ఎండ బాగా తగిలే చోటు, పాకడానికి ఒక కంచె లేదా పందిరి ఉంటే చాలు. రెండు మూడు నెలలలో పూత మొదలవుతుంది. చలికాలం గడిచిన తరువాత ముదురు తీగలను కత్తిరిస్తే కొత్త చిగుళ్ళు వస్తాయి. గింజలు మాత్రం నోట పెట్టుకోరాదు. అవి కడుపును చెరుస్తాయి.

మలేషియాలో ఈ పూలను వేసి నీలిరంగు అన్నం వండుతారు. పూలను వేడినీళ్ళలో వేస్తే నీళ్ళు నీలంగా మారతాయి. అందులో నిమ్మరసం పిండితే నీలం పోయి ఊదా, ఇంకా పిండితే గులాబి రంగు వస్తుంది. ఆమ్లం తగిలితే ఈ పూల వర్ణకం రంగు మారడమే దీనికి కారణం.

విష్ణుక్రాంత

వినాయక చవితినాడు పూజకు తెచ్చే ఇరవై ఒక్క రకాల పత్రిలో విష్ణుక్రాంత ఒకటి. పేరు తెలియని ఇల్లు లేదు, మొక్కను గుర్తుపట్టగలిగిన వారు కొద్దిమంది. ఇది నేలను అంటుకుని పాకే చిన్న మొక్క. ఆకులు నూగుతో ఉంటాయి. పువ్వు చిటికెనవేలి గోరంత ఉంటుంది; రంగు మాత్రం నిర్మలమైన ఆకాశనీలం. ఉదయం విచ్చిన పువ్వు మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది.

ఎర్రనేల, గులకరాళ్ళు, నిండు ఎండ దీనికి ఇష్టం. నీరు నిలిచే చోట కుళ్ళిపోతుంది. తోట దారుల అంచున, రాళ్ళ సందులలో దీనిని పెంచవచ్చు. నర్సరీలలో విష్ణుక్రాంత అనే పేరుతో అమ్మే పెద్ద నీలిపూల మొక్క ఇది కాదు. అది బ్రెజిల్ దేశపు మొక్క, దీనికి దగ్గరి చుట్టం. అదీ బహువార్షికమే, పెంచడమూ తేలికే; అయినా చవితి పత్రిలోని విష్ణుక్రాంత మాత్రం మన నేలదే.

నీలాంబరం

దీనినే చాలా చోట్ల డిసెంబరాలు అంటారు. తక్కిన పూలు తగ్గిపోయే చలికాలంలో ఇది విరగబూస్తుంది. రంగు ఊదా కలిసిన నీలం. వాసన లేకపోయినా ఆడవారు కనకాంబరాలతోను, మరువంతోను కలిపి మాల కట్టి తలలో తురుముకుంటారు. చలి ఎక్కువగా ఉన్న కోరాపుట్‌లోను, వేడి ఎక్కువగా ఉన్న రాయగడలోను ఇది పెరుగుతుంది.

వానకాలంలో జానెడు కొమ్మను విరిచి తడినేలలో గుచ్చితే వేరు తొడుగుతుంది. పూత అయిన తరువాత, ఫిబ్రవరిలో, మొక్కను సగానికి కత్తిరించాలి. లేకపోతే కొమ్మలు పొడుగు సాగి పూత తగ్గుతుంది. వరుసగా నాటితే చక్కని కంచె అవుతుంది.

నీలి చిత్రమూలం

మన అడవులలో పెరిగే చిత్రమూలం తెల్లనిపూలు పూస్తుంది. నీలిపూలు పూసే చిత్రమూలం దక్షిణాఫ్రికా నుండి వచ్చింది. లేత ఆకాశం రంగు పూలు గుత్తులు గుత్తులుగా ఏడాదిలో ఎక్కువ కాలం పూస్తాయి. ఒకసారి నిలదొక్కుకుంటే ఎండను బాగా తట్టుకుంటుంది. రాయగడ, గుణుపురం వంటి వేడి ప్రదేశాలకు ఇది ఎంతో అనువైనది. ముదురు కొమ్మలను నాటి పెంచుకోవచ్చు. దీని రసం చర్మానికి తగిలితే మంట పుట్టవచ్చు కనుక కత్తిరించిన తరువాత చేతులు కడుక్కోవాలి.

నల్లకలువ

పేరుకు నల్లకలువ, రంగుకు నీలికలువ. పూర్వకవులు దీనినే నీలోత్పలమని, ఇందీవరమని, కువలయమని పిలిచారు. కలువలు వెన్నెలకు విచ్చుకుంటాయని కావ్యాలలో చదువుతాం. తెల్లకలువ, ఎర్రకలువల విషయంలో అది నిజమే. అవి రాత్రి విచ్చుకుంటాయి. నల్లకలువ మాత్రం పగలు విచ్చుకుని సాయంకాలానికి ముడుచుకుంటుంది. ఉదయాన చెరువుగట్టు మీద నిలబడి చూసినవారికి ఈ సంగతి తెలుస్తుంది.

దీని దుంప బురదలో ఉంటుంది. చెరువు ఎండినా దుంప కొంతకాలం బ్రతికే ఉంటుంది. బడిలో పెంచాలంటే వెడల్పయిన సిమెంటు తొట్టి చాలు. అడుగున బంకమట్టి వేసి, దుంప నాటి, పైన మూరెడు లోతు నీరు ఉంచాలి. రోజుకు అయిదారు గంటలు ఎండ తగలాలి. తొట్టిలో చిన్న చేపలను వదిలితే దోమల పిల్లలను తింటాయి. అయితే వేసవి సెలవులలో తొట్టి ఎండకుండా చూసే బాధ్యత ఎవరైనా ఒకరు తీసుకోవాలి.

మట్టిని బట్టి రంగు మార్చే మొక్క

హైడ్రాంజియా అనే పొద జపాను దేశం నుండి వచ్చింది. దీనికి చల్లదనం, నీడ, తడి కావాలి. కనుక రాయగడ మైదానానికి పనికిరాదు. కోరాపుట్, సిమిలిగుడ, పొట్టంగి వంటి ఎత్తు ప్రదేశాలలో ప్రయత్నించవచ్చు. ఆమ్లగుణం ఉన్న నేలలో ఇది నీలిపూలు పూస్తుంది. క్షారగుణం ఉన్న నేలలో అదే మొక్క గులాబిరంగు పూలు పూస్తుంది. సున్నం కారే గోడ మొదట నాటితే నీలం గులాబికి తిరగవచ్చు.

ఇక్కడ చురుకైన విద్యార్థికి ఒక సందేహం రావాలి. శంఖపుష్పం నీళ్ళలో ఆమ్లం వేస్తే నీలం పోయింది కదా! మరి హైడ్రాంజియాకు ఆమ్లం వల్ల నీలం ఎలా వచ్చింది? శంఖపుష్పం విషయంలో నిమ్మరసం నేరుగా వర్ణకాన్ని తాకింది. హైడ్రాంజియా విషయంలో ఆమ్లం ఉన్నది మట్టిలో. మట్టిలోని అల్యూమినియం ఆమ్లం వల్ల కరిగి, వేళ్ళ ద్వారా పైకి వెళ్ళి, పువ్వులోని వర్ణకంతో కలుస్తుంది. ఆ కలయిక వల్ల నీలం పుడుతుంది. కారణం ఒక్కటిగా కనిపించినా ఫలితాలు వేరుగా ఉండవచ్చునని దీనివల్ల తెలుస్తున్నది.

నీలం ఎవరి కోసం?

పువ్వుకు రంగు మనిషి కోసం రాలేదు. ఆస్ట్రియా దేశపు శాస్త్రజ్ఞుడు కార్ల్ ఫాన్ ఫ్రిష్ తేనెటీగలకు రంగులు తెలుసునని 1914లో ప్రయోగపూర్వకంగా నిరూపించాడు. ఆయన బూడిదరంగు అట్టల మధ్య ఒక నీలిరంగు అట్టను ఉంచి, దాని మీద పంచదార నీళ్ళు పెట్టి తేనెటీగలను అలవాటు చేశాడు. తరువాత పంచదార నీళ్ళు తీసివేసినా, అట్ట చోటు మార్చినా అవి నీలి అట్ట మీదనే వాలాయి. ఎర్రరంగును మాత్రం అవి గుర్తుపట్టలేకపోయాయి. ఈయనకు 1973లో నోబెల్ బహుమతి లభించింది. నీలిపూలు ఉన్న తోటకు తేనెటీగలు వస్తాయి. తేనెటీగలు వచ్చే చోట గుమ్మడి, దోస, వలిసె బాగా కాస్తాయి. కనుక నీలిపూల తోట కేవలం కంటి సంబరం కాదు.

గులాబీలో నీలం లేదు. నీలి వర్ణకాన్ని తయారు చేసుకునే శక్తి గులాబీకి పుట్టుకతో లేదు. జపానుకు చెందిన సంటోరీ సంస్థ శాస్త్రజ్ఞులు వేరొక పూలమొక్క జన్యువును గులాబీలో చేర్చి, 2004లో తమ నీలిగులాబీని ప్రకటించారు. 2009లో అది అమ్మకానికి వచ్చింది. ఎన్నో ఏళ్ళు శ్రమించినా దాని రంగు లేత ఊదాగానే ఉన్నది. మన కంచె మీది దింటెన ఆ నీలాన్ని ఏ శ్రమా లేకుండా ఇస్తున్నది.

రెండు జాగ్రత్తలు

నీలిపూలు పూచే ప్రతి మొక్కనూ తెచ్చి పెంచరాదు. గుర్రపుడెక్క పువ్వు చూడటానికి ఎంతో అందంగా ఉంటుంది, అదీ బహువార్షికమే. అందాన్ని చూసి దక్షిణ అమెరికా నుండి అనేక దేశాలకు తీసుకుపోయారు. అది చెరువులను కప్పివేసి, నీటికి ఎండ, గాలి అందకుండా చేసి, చేపలకు చేటు తెచ్చింది. మన దేశంలో పుట్టిన నీలి తుంబర్జియా తీగ ఇక్కడ తోటలకు అలంకారం. ఆస్ట్రేలియాలో అదే తీగ అడవి చెట్లను కమ్ముకుని కలుపుమొక్క అయింది. ఒక చోటి అందం మరొక చోట ఆపద కావచ్చు.

రెండవ జాగ్రత్త ఇంతకంటె ముఖ్యమైనది. తోట కోసం అడవిలోని మొక్కను వేళ్ళతో పెకలించి తేరాదు. ఒకరు ఒక మొక్కను తెస్తే అడవికి తెలియదు. బడి పిల్లలందరూ తలా ఒక మొక్కను తెస్తే ఆ వాలులో మరుసటి ఏడు ఆ పువ్వు కనిపించదు. మందుల కోసం వేళ్ళను తవ్వడం వల్ల సర్పగంధ వంటి మొక్కలు అడవులలో తగ్గిపోయాయి. కాయ ఎండిన తరువాత గుప్పెడు గింజలు చాలు. కత్తిరించిన కొమ్మ చాలు. పెరటిలో ఉన్నవారిని అడిగి తెచ్చుకుంటే ఇంకా మంచిది.

కోరాపుట్ ప్రాంతపు రైతులు, ముఖ్యంగా గిరిజనులు, ఎన్నో రకాల వరి విత్తనాలను తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చారు. 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఈ ప్రాంతపు సంప్రదాయ వ్యవసాయాన్ని ప్రపంచ ప్రాముఖ్యం గల వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. గింజను దాచి, ఇరుగుపొరుగుకు పంచి, మళ్ళీ నాటడమే ఆ రైతుల విద్య. పూల విషయంలోనూ అదే విద్య పనికివస్తుంది.

మొక్కతోపాటు కాపాడుకోవలసినది మరొకటి ఉన్నది. అది మొక్క పేరు. బజారులో అపరాజిత అని వింటాం, పుస్తకంలో శంఖపుష్పం అని చదువుతాం, అమ్మమ్మ నోట దింటెన అని వింటాం. మూడూ ఒక్క పువ్వు పేర్లే, మూడూ మనవే. ఒక పేరు నేర్చుకోవడానికి మరొక పేరును మరచిపోనక్కరలేదు. కాని ఎవరూ పలకని పేరు, ఎవరూ నీళ్ళు పోయని మొక్క వంటిదే. దింటెన అనే మాట పిలిచేవారు లేక వాడిపోతే, ఆ తీగ కంచె మీద ఎంత పూచినా తెలుగులో ఒక పువ్వు రాలిపోయినట్లే.

కఠిన పదాలు - అర్థాలు

కొదవ = లోటు, తక్కువ
పీఠభూమి = ఎత్తున చదునుగా ఉండే భూభాగం
అవిభక్త = విడిపోని
తొలకరి = వర్షకాలపు మొదటి వానలు
వర్ణకం = రంగునిచ్చే పదార్థం
నూగు = సన్నని మెత్తని వెంట్రుకలు
పెకలించు = వేళ్ళతో సహా లాగివేయు
వారసత్వం = పెద్దల నుండి సంక్రమించినది

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు ఒకటి రెండు వాక్యాలలో సమాధానాలు వ్రాయండి.
1. ఏకవార్షికాలకు, బహువార్షికాలకు భేదమేమి?
2. శంఖపుష్పం బీద నేలలో కూడా పెరగడానికి కారణమేమి?
3. నల్లకలువ తక్కిన కలువల కంటె ఏ విధంగా భిన్నమైనది?

II. ఈ క్రింది ప్రశ్నలకు పది వాక్యాలలో సమాధానాలు వ్రాయండి.
1. బడి తోటకు బహువార్షికాలు మేలని ఎట్లు చెప్పగలరు?
2. ఆమ్లం వల్ల శంఖపుష్పం నీళ్ళు గులాబి రంగుకు మారగా, హైడ్రాంజియా పువ్వు నీలంగా మారడానికి కారణాలను వివరించండి.
3. నీలిపూల మొక్కలను పెంచడంలో తీసుకోవలసిన రెండు జాగ్రత్తలేవి? వాటిలో రెండవది ఎందుకు ముఖ్యమైనది?

III. సందర్భాన్ని తెలిపి వివరించండి.
1. "ఒక చోటి అందం మరొక చోట ఆపద కావచ్చు."
2. "ఎవరూ పలకని పేరు, ఎవరూ నీళ్ళు పోయని మొక్క వంటిదే."

IV. సొంత వాక్యాలలో ప్రయోగించండి.
కంటబడు, విరగబూయు, తరతరాలు, కంటి సంబరం

V. వ్యాకరణాంశాలు
1. ఈ క్రింది పదాలను గమనించండి.
నీల + ఉత్పలం = నీలోత్పలం (గుణసంధి)
నీల + అంబరం = నీలాంబరం (సవర్ణదీర్ఘసంధి)
ఇటువంటి పదాలను రెండేసి వ్రాసి విడదీయండి.
2. శంఖం వంటి పుష్పం శంఖపుష్పం. ఇది ఉపమాన పూర్వపద కర్మధారయ సమాసం. నీలమైన కంఠం కలవాడు నీలకంఠుడు. ఇది బహువ్రీహి సమాసం. రెండింటికీ గల భేదాన్ని మీ ఉపాధ్యాయుని అడిగి తెలుసుకోండి.

VI. చేయవలసిన పనులు
1. మీ ఊరిలో కనిపించే నీలిపూల మొక్కల పేర్లను తెలుగులోను, ఒడియాలోను వ్రాయండి. కువి భాష మాట్లాడే స్నేహితులు ఉంటే వారి పేర్లు కూడా అడిగి చేర్చండి.
2. శంఖపుష్పం గింజలను సేకరించి, తొలకరిలో బడి కంచె పక్కన నాటండి. మొలక వచ్చిన రోజు, మొదటి పువ్వు పూచిన రోజు నోటు పుస్తకంలో వ్రాసి ఉంచండి. వచ్చే ఏటి తరగతికి ఆ పుస్తకాన్ని, గుప్పెడు గింజలను అప్పగించండి.